మా ఆసుపత్రి మంచాలన్నీ నిండిన ఆదివారం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మేనేజ్‌మెంటు చదివినవాళ్లు అడుగు పెడితే చాలు, మూలపడ్డ సంస్థ ఏదైనా లేచి కూర్చుంటుందని. ఆ ధైర్యంతోనే నగరంలో, మల్కాపురంలోని మా ఇంట్లో అమ్మ "ఊర్లో ఇన్ని పెద్దాసుపత్రులుంటే ఆ పల్లెకెల్తావేటే?" అంటున్నా వినకుండా, దువ్వాడ దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లి ఆ చిన్న ఆసుపత్రిలో మేనేజరుగా చేరాను. ఒక వార్డు, చిన్న ల్యాబు, మందుల గది, మా డాక్టరమ్మ. లేనిదల్లా రోగులే. ప్రాణం మీదికొస్తే నగరానికి పరుగెత్తేవారు, అంతదాకా రాకపోతే ఇంట్లోనే పడుకునేవారు. జీతాలకే కటకటగా ఉంది, ఇక మూసేద్దామని ఆసుపత్రిని నడిపే ట్రస్టు ప్రెసిడెంటు గారు కబురు పెట్టారు.

వెంటనే ఉచిత వైద్య శిబిరమని ఫ్లెక్సీ కట్టించాను. (అందులో డాక్టరమ్మ కంటే నా ఫొటోయే పెద్దది. ప్రింటింగు వాళ్ల పొరపాటని ఇప్పటికీ చెబుతుంటాను.) వచ్చింది ఊళ్లో గుడ్లమ్మే మామ్మ ఒక్కతే, అదీ నాకు గుడ్లు అమ్మడానికి. "రోగం లేనోలు ఆస్పత్రికెందుకొత్తారమ్మా? బోజనమెడితే ఒత్తారు గానీ" అంది. సరే, వచ్చే ఆదివారం చేపల పులుసుతో భోజనమని చాటింపు వేయించాను. డాక్టరమ్మ ఒక మెలిక పెట్టింది: బీపీ, షుగరు చూపించుకున్నాకే విస్తరి.

ఊరు ఊరంతా దిగింది. తిన్నారు. బయట ఎండ మండిపోతోంది, వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్కొక్కరే వెళ్లి మంచాలెక్కి గురకలు మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే, చెప్పాపెట్టకుండా ప్రెసిడెంటు గారు వచ్చారు.

"ఇంతమంది ఇన్‌పేషెంట్లా!" అని ఆయన నోరు తెరిచారు. ఆయన ఒక పెద్దాయన భుజం తట్టి, "ఏం జబ్బు?" అన్నారు.

"జబ్బేటి బాబూ? పులుసు అదిరిపోనాది. కన్నంటుకుపోనాది."

పక్క మంచం మీంచి మామ్మ కళ్లు తెరవకుండానే, "నువ్వూ బీపీ సూపించుకో బాబూ. లేపోతే ఇస్తరెయ్యరు" అంది.

ఆయన కోపంతో ఎర్రబడ్డారు. డాక్టరమ్మ ఆ ఎరుపును చూసి, మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది. ఆ రోజు అందరికంటే ఎక్కువ బీపీ ఆయనదే! పెద్దాయన్ని లేపి ఆ మంచం మీదే ఆయన్ని పడుకోబెట్టింది.

"నాకెవరూ చెప్పలేదే" అన్నారాయన మెల్లగా.

"ఎవరికీ ఎవరూ చెప్పరండీ. మనం పిలిచి చూడాలి, అంతే" అంది డాక్టరమ్మ.

సాయంత్రం దాకా ఆయన ఆ గురకల మధ్యే పడుకున్నారు. వెళ్లేటప్పుడు మూసివేత మాట ఎత్తలేదు. ఆ రోజు బీపీ, షుగరు బయటపడ్డవాళ్లంతా నెలనెలా పరీక్షలకీ మందులకీ రావడం మొదలుపెట్టారు. వాళ్లిచ్చే కొద్దిపాటి ఫీజులతోనే ల్యాబు నడిచింది, జీతాలు వేళకి అందాయి. నన్ను ఊరంతా "మేనేజరమ్మా" అని పిలిచింది. ఆ పిలుపును వదిలేసి, రెండేళ్లు తిరక్కుండానే నేను నగరంలో ఒక పెద్దాసుపత్రి ఉద్యోగానికి వచ్చేశాను.

ఇప్పుడు నా అద్దాల గదిలోంచి హార్బరు కనిపిస్తుంది. ఇక్కడ మంచాలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి, వాటి మీద ఉన్నవాళ్లెవరో నాకు తెలియదు. మొన్నొక ఆదివారం ఉండబట్టలేక ఆ ఊరు వెళ్లాను, బీపీ చూపించుకుందామని. (ఆ వయసు నాకూ వచ్చేసింది లెండి.) డాక్టరమ్మ లేదు, మామ్మ లేదు. వరండాలో మాత్రం కూర్చోవడానికి చోటు లేదు.

"ఏ ఊరమ్మా మీది?" అంది కొత్త నర్సు.

"ఈ ఊరే" అనేశాను. అనేసి నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వకండమ్మా, బీపీ తప్పొచ్చేత్తాది" అని ఆ అమ్మాయి కసురుకుంది.