పాటల పెట్టెకు లింకు డాక్యుమెంట్లు

దావీదురాజు చిన్నాయనకు లోకంలో ఏ వస్తువు కనబడినా దానికి లింకు డాక్యుమెంట్లు కావాలి. ముప్పై అయిదేళ్లు కర్నూలు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసీ రాసీ, స్థలాలకు అడిగే ప్రశ్నను అన్నిటికీ అడగడం మరిగాడు: "ఇది నీకంటే ముందు ఎవరిదప్పా?"

హోటల్లో టీ గ్లాసు చేతికిస్తే అడుగుతాడు. ఆటో ఎక్కితే అడుగుతాడు. నా పెళ్లిలో నా కోటు అంచు పట్టుకొని అందరి ముందూ అడిగాడు. అది మా బావది. ఆ సంగతి అప్పటిదాకా మా మామగారికి తెలియదు.

నిలకడ అనేది ఆయన ఒంట్లో లేదు. చెప్పేవాడు ఇంకా చెబుతుండగానే లేచి, "యేసుప్రసాదూ, బండి తియ్యి" అంటాడు. బండి నాది, పెట్రోలు నాది, తొందర మాత్రం ఆయనది.

మొన్న అక్టోబరులో సున్నం వేయడానికి మా ఊరి చర్చి అటక ఖాళీ చేస్తుంటే ఒక చెక్కపెట్టె దొరికింది. పాతకాలపు రికార్డు ప్లేయరు, అందులోనూ ఆటోమేటిక్. పది రికార్డులు దొంతరగా తగిలిస్తే, ఒకటి పాడటం అయిపోగానే ముల్లు తనంతట తాను పక్కకు జరుగుతుంది. పైనున్న దొంతరలోంచి అడుగు రికార్డు జారి పడుతుంది. ముల్లు మళ్లీ వచ్చి వాలుతుంది. అలాంటిది జిల్లాలో ఇంకొకటి లేదని చూసినవాళ్లంతా అన్నారు. గండికోటలో కొత్తగా కట్టిన హోటలువాళ్లు అలంకారానికి కావాలంటే, కోతపండుగనాడు ఇచ్చేద్దామని కమిటీ తీర్మానించింది.

"లింకు లేకుండా ఎట్లిస్తారప్పా?" చిన్నాయన అడ్డం పడ్డాడు. "పండగలోపల దీని చరిత్రంతా తీస్తా. అసలు హక్కుదారు దొరికితే వాళ్లకే ఇయ్యాల."

కమిటీ నవ్వుకొని సరే అంది. పండుగకు ఇరవై రోజులే ఉన్నాయి.

మొదటి లింకు తేలిగ్గానే దొరికింది. మిషను బంగళాలో ఉండిన దొరసాని 1979లో స్వదేశం పోతూ కోతపండుగ వేలానికి ఇచ్చిందట. చిక్కంతా అక్కడే పడింది. మా కోతపండుగలో గుమ్మడికాయ నుంచి కోడిపుంజు దాకా, భక్తులు తెచ్చినవన్నీ వేలం వేస్తారు. పాడుకొన్నవాడు భక్తి పొంగి, "దేవునికే ఇస్తాండా, మళ్లీ పాడండి" అంటాడు. ఆ ఒక్క మధ్యాహ్నం ఈ పెట్టెకు పదకొండుమంది హక్కుదారులు మారారు.

ఆ పదకొండుమందినీ, పోయినవాళ్లుంటే వాళ్ల పిల్లలనూ వెతుక్కుంటూ తిరిగాం. బండి రెండుసార్లు పంక్చరైంది. పంక్చరు వేసినవాణ్ని కూడా, ఆ గాలి పంపు ముందు ఎవరిదని అడిగాడు. దారి పొడవునా నేను ఆయన్ను వెక్కిరిస్తూనే ఉన్నాను.

పదకొండో ఆయన వసంతకుమార్, ఎనభై దాటిన మనిషి. మహానందిలో కూతురి ఇంట్లో ఉన్నాడు.

"నేనూ దేవునికే తిరిగిచ్చినానప్పా. ఇంతలో ప్రేమవిందుకు గంట కొడితే అందరం అన్నానికి ఉరికినాం. పొద్దుమునిగేసరికి పెట్టె మాయం! ఆ ఏసన్న గుడిసెలో దొరికింది గదా. ఆ దొంగ..."

"ఆ మాట నిన్నెవరడిగినారు?" చిన్నాయన గొంతు పెరగడం నేను మొదటిసారి విన్నాను. "తర్వాత హక్కుదారు తెలిస్తే పేరు చెప్పు. తెలీకుంటే తెలీదను!"

కూలిపని చేసుకొనే ఏసన్న కథ మా ఊళ్లో అందరికీ తెలిసిందే. మారుమాట లేకుండా పెట్టె తిరిగిచ్చేసి, భార్య ఓబులమ్మను తీసుకొని వేంపల్లె వెళ్లిపోయాడు. అక్కడే చనిపోయాడు. ఆమె మళ్లీ మా చర్చి గడప తొక్కలేదు. ఆనాడు పొరుగూరి నుంచి వచ్చి వేలం వేసిన ఉపదేశి పొద్దుమునిగేలోపే తిరిగి వెళ్లిపోయాడు, ఈ గొడవేదీ తెలియకుండానే ఏనాడో చనిపోయాడు.

పండుగ ఇంక రెండు రోజులుందనగా లింకు తెగిపోయింది. మహానంది గుడి ముందు టెంకాయల అంగడి దగ్గర, కాగితాలు అరుగు మీద పెట్టి చిన్నాయన అటూ ఇటూ తిరుగుతుంటే, ఒక మేక వచ్చి ఏడుగురు హక్కుదారులను నమిలేసింది.

నేను కర్ర కోసం వెతుకుతున్నాను. ఆయన మాత్రం అంగడామె రామసుబ్బమ్మను అడిగాడు: "అమ్మా, ఈ మేక మీకంటే ముందు ఎవరిది?"

"మా ఇంట్లో పుట్టిందే. దీని తల్లీ, దాని తల్లీ, అంతా ఒక్క మేకపిల్ల సంతతి. నా చిన్నప్పుడు మా నాయన మీ కిరస్తానం పండగలో పాడుకొన్యాడు. ఎవరో ఏసన్నంట, పాటల పెట్టె పాడుకొని, దుడ్లు లేక ఈ మేకపిల్లను ఇచ్చినాడు. అప్పుడందరూ బువ్వకు పోయినారు. ఆయప్పా, వేలం పాట పాడించే ఆయనా, మేమే ఉంటిమి."

నాకు ఆనందం పట్టలేదు. "చిన్నాయనా, ఏసన్న దొంగ కాదని పండగలో గట్టిగా చెప్పాల!"

"చెప్పగూడదప్పా. దొంగ కాదంటే, ముందు దొంగ అనే మాటే గుర్తొస్తాది అందరికీ. ఆయప్ప తీసింటాడని నేనెప్పుడూ నమ్మల్యా. కానీ దానికోసమని తిరిగింటే, ఓబులమ్మను మళ్లీ ఊరి నోట్లో ఏసినట్టుంటాది. పెట్టె చరిత్ర అనుకో, నన్ను పిచ్చోడంటారు. అంతే గదా!"

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆయన్ను పిచ్చోడన్నవాళ్లలో మొదటివాణ్ని నేనే.

కోతపండుగనాటికి వేంపల్లె నుంచి ఓబులమ్మను, మహానంది నుంచి రామసుబ్బమ్మను, వసంతకుమార్‌ను బస్సుల్లో రప్పించి వెనక వరుసలో కూర్చోబెట్టాడు. తర్వాత లేచి దస్తావేజు చదివినట్టే చదివాడు. "సదరు పెట్టెకు పన్నెండో హక్కుదారు ఏసన్న. మేకపిల్లను ఇచ్చి పాడుకొన్నాడు. సాక్షి రామసుబ్బమ్మ. ప్రస్తుత హక్కుదారు, ఆయన భార్య ఓబులమ్మ." అంతే, కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

వసంతకుమార్ లేచి ఓబులమ్మకు చేతులు జోడించాడు. ఆమె ఆయన వైపు చూడనే లేదు.

"ఏ మేకపిల్ల?" అంది.

"నల్లది, తెల్లచెవులది" అంది రామసుబ్బమ్మ.

"అది నాది గదమ్మా! ఎవురో ఎత్తుకపోయినారని వాడంతా తిరిగి తిడితి!" ఓబులమ్మ లేచి నిలబడింది. "చూడు మా ఇంటాయన్ను! ఊరంతా దొంగ అంటే పడినాడు గానీ, మేకను ఇచ్చినానని నాకు చెప్పల్యా. అంత భయమా నేనంటే!"

అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. ఏసన్నను తలుచుకొని మా చర్చి అంతా నవ్వింది, అందరికంటే గట్టిగా ఓబులమ్మే నవ్వింది.