లూర్దమ్మ మంచం పక్కన నా కచేరీ

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి. వాటికి మనుషులే సాక్షులు కాబట్టి ఎలాగో బతికిపోయాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేరుగా దేవుడి దగ్గరే వెలగబెట్టిన ఘనకార్యం. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, కొత్త సేవకులకు శిక్షణ మొదలయ్యే రోజున ఫాదర్ గారు పేరు చెప్పకుండా ఈ కథ చెబుతారు. పేరు చెప్పకపోతే మాత్రం ఏం లాభం? విన్నవాళ్ళంతా తల తిప్పి నావైపే చూస్తారు. ఇంకొకరు చెబితే వినడం కంటే నేనే చెప్పుకుంటే కాస్తయినా పరువు మిగులుతుందని రాస్తున్నాను.

మాది జనగామ వైపు. సూరత్ వచ్చి చాలా ఏళ్ళయింది. కడోదరాలో బట్టలకు రంగులు వేసే మిల్లులో సూపర్‌వైజర్ని. మిషన్ల హోరులో పనివాళ్ళకు వినపడాలని అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటివాళ్ళు ఏమైందోనని తలుపు తీసే గొంతు సంపాదించాను. అలాంటి నన్ను ఫాదర్ పీటర్ పిలిచి, జబ్బుపడి పూజకు రాలేనివాళ్ళ ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్ళే సేవకు శిక్షణ తీసుకోమన్నారు. మేం గురువులనే ఫాదర్లు చాలడం లేదు, మాలాంటి సంసారులే సాయం పట్టాలి.

ఇది చిన్న పని కాదని కతోలికులు కానివారికి ఒక్క మాటలో చెప్పాలి. పూజలో గురువు ఆశీర్వదించిన పల్చటి గోధుమ అప్పం మాకు ప్రభువుకు గుర్తు కాదు, ప్రభువే. దాన్ని గుండెల దగ్గర పెట్టుకుని ఊళ్ళో నడిచేవాడు ఎలాంటి మనిషై ఉండాలో మీరే ఆలోచించండి.

ఫాదర్ పీటర్ ఆణంద్ వైపు గుజరాతీ. తెలుగు ముక్క రాదు, మాకు పాఠాలన్నీ హిందీలోనే. మొదటి శనివారమే ఆయన తేల్చి చెప్పారు. "చేతులు ఎలా పట్టుకోవాలో, ఏ ప్రార్థన ఎప్పుడు చదవాలో ఒక్క రోజులో నేర్పేస్తాను. మిగతా శనివారాలన్నీ మనిషి ఎలా ఉండాలో నేర్చుకోవడానికే. నమ్రత, మౌనం, ఓర్పు. ఇవి లోపల పెరగాలి. మొక్క పెరిగినట్టు మెల్లగా పెరుగుతాయి, తొందరపడకండి."

నేను తొందరపడ్డాను. లోపల పెరిగేదాకా ఆగడం నావల్ల కాలేదు, కనీసం పైకయినా కనిపిస్తే చాలనుకున్నాను. అద్దం ముందు నిలబడి తల వంచి, కళ్ళు సగం మూసి సాధన చేస్తుంటే మా ఆవిడ మెర్సీ వచ్చింది.

"ఏందండీ, మెడ పట్టేసిందా?"

"కాదు. ఇది నమ్రత."

"నమ్రతనా? జర బామ్ రాయమంటరా?"

ఇలాంటి ఇంట్లో మనిషి పైకి రావడం ఎంత కష్టమో చూడండి.

శిక్షణలో సాధన చేయడానికి ఆశీర్వదించని మామూలు అప్పాలు వాడేవాళ్ళం. వాటిని పెట్టుకునే చిన్న గుండ్రటి డబ్బీ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. పొరపాటున కూడా పొరపాటు జరగకూడదని ఫాదర్ దాని మూత మీద ఎర్ర టేపు అంటించారు. నా మొదటి ఆదివారం ముందురోజు నేను ఆ డబ్బీని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని తెల్లగుడ్డ సంచిలో పెట్టి మెడలో వేసుకుని, ఆ బరువుతో గంభీరంగా నడవడం అలవాటు చేసుకోవాలని నా ప్రణాళిక. వంటింటికి గంభీరంగా నడిచాను. కిందికి వెళ్ళి పాల ప్యాకెట్ గంభీరంగా తెచ్చాను. ఆదివారం పొద్దున దాన్ని మెడలో వేసుకునే పూజకు వెళ్ళాను.

పూజ చివర్లో ఫాదర్ సేవకులందరినీ పీఠం దగ్గరికి పిలిచారు. అసలు డబ్బీలు పీఠం మీదే ఉన్నాయి. ఒక్కొక్కరు వెళ్ళి ఆయన చేతి నుంచి తీసుకోవాలి. తోసుకుని ముందుకు పోకూడదని నమ్రత పాఠంలో విన్నాను కదా, అందరికంటే వెనక నిలబడ్డాను. నిలబడ్డవాణ్ణి ఊరుకోక కళ్ళు మూసుకుని ఎంత వంగి ధ్యానంలో పడ్డానంటే, కళ్ళు తెరిచేసరికి మిగతావాళ్ళు బయటికి నడుస్తున్నారు. నేనూ వాళ్ళ వెనకే నడిచాను. గుండె మీద చెయ్యి వేసి చూసుకుంటే సంచి ఉంది, సంచిలో డబ్బీ తగిలింది. తీసుకోవాల్సింది తీసుకున్నట్టే అనిపించింది, ఇంకేం కావాలి? మౌనం పాటించాలి కాబట్టి ఫోన్ కూడా ఆఫ్ చేసి పారేశాను.

నాకు అప్పజెప్పింది డిండోలిలో ఉండే లూర్దమ్మను. కొడుకు మగ్గాల పనిలో ఉన్నాడు, భర్త పోయాక ఆమెను ఇక్కడికి తెచ్చుకున్నాడు. జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమె మంచం దిగలేదు. వానలు మొదలైన తర్వాత ఫాదర్ కూడా ఆ ఇంటికి వెళ్ళలేకపోయారు. వెళ్ళినా ఆయన ప్రార్థన హిందీలో, ఈమె ఆమెన్ తెలుగులో. తెలుగు వచ్చిన మనిషి ప్రభువును తీసుకొస్తున్నాడని తెలిసి ఆమె ఆ ఆదివారం కోసం ఎదురుచూస్తోంది.

కోడలు శాంత తలుపు తీసి మెల్లగా అంది. "జల్ది కానియ్యి అన్నా. పొద్దుగాల సంది పచ్చి మంచినీళ్ళు ముట్టలే. షుగరు గోలీ గూడ ఏసుకోలే. రోగమున్నోళ్ళకు ఉపాసం లేదని జెప్పినా ఇనది. ప్రభువు వచ్చినంకనే తింటదట."

మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ, కొవ్వొత్తి, సిలువ. లూర్దమ్మ తల దువ్వుకుని, దిండుకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించింది. నా కోసం కాదు, నా మెడలో ఉన్న ప్రభువు కోసం. నేను మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టాను. తెలుగు మాటలు వినపడగానే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సంచి విప్పి డబ్బీ బయటికి తీశాను.

మూత మీద ఎర్ర టేపు.

డబ్బీని గుప్పిట్లో దాచుకున్నాను. ఒక్క మాటలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నేను మిల్లు సూపర్‌వైజర్ని. తప్పు జరిగితే ఒప్పుకోవడం మాకు ఆఖరి మార్గం.

"పెద్దమ్మా, ముందుగాల ఒక పాట పాడుకుందం" అన్నాను.

పాడాను. కిటికీలో ఉన్న పావురం ఎగిరిపోయింది. పాట అయిపోగానే నీళ్ళు తాగుతానని చెప్పి వసారాలోకి వెళ్ళి ఫోన్ ఆన్ చేశాను. వరసగా ఫాదర్ మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. లోపలికి వచ్చి తలుపు వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూసుకుంటూ, "ఇంకొక్క పాట" అన్నాను.

రెండో పాట అయింది. మూడోది క్రిస్మస్ పాట, ఆ వానాకాలంలో. శాంత వంటింట్లోంచి తొంగి చూసింది.

"అన్నా, గిదేంది? ఇయ్యాల పండుగ గూడ లేదు గదా?"

"ప్రభువు పుట్టుకకు కాలం లేదమ్మా."

పాటలు అయిపోయాయి. సకల పునీతుల ప్రార్థన ఎత్తుకున్నాను. అపోస్తలులను పిలిచాను, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులను పిలిచాను, మా జనగామ చుట్టుపక్కల చర్చిలకు ఎవరెవరి పేర్లు పెట్టారో గుర్తుచేసుకుని వాళ్ళనూ పిలిచాను. ఒక్కో పేరుకూ లూర్దమ్మ "మా కొరకు వేడుకొనండి" అంటూ వచ్చింది. ఆమె గొంతు సన్నబడింది. పెదవులు ఎండిపోయాయి.

"పునీత అంతోనివారిని ఇందాకనే పిలిచినవ్ బిడ్డా."

"పోయినవి ఎతికిపెడ్తడు గద పెద్దమ్మా. ఇంకోసారి పిలిస్తే తప్పు లేదు."

ఇక శాంత ఊరుకోలేదు. "అన్నా, ముసల్దాని చేతులు వణుకుతున్నయ్. కండ్లు తిరిగి పడిపోతే దవాఖానకు నువ్వు తీస్కపోతవా?"

నిజంగానే వణుకుతున్నాయి. నా పరువు కోసం ఆకలితో ఉన్న రోగిని కూర్చోబెట్టి పాటలు పాడుతున్నాను. ఆమె మాత్రం విసుక్కోకుండా కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

ఆ క్షణంలో నాకొక పాడు ఆలోచన వచ్చింది. డబ్బీలో ఉన్నదీ అదే పిండి, అదే ఆకారం, అదే రుచి. ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆమె తృప్తిగా జావ తాగుతుంది, గోలీ వేసుకుంటుంది, నేను గంభీరంగా ఇంటికి పోతాను. మూత మీద నా బొటనవేలు కూడా పడింది. కానీ ఆమె ముఖం చూశాక చెయ్యి కదల్లేదు. ఒట్టి పిండిబిళ్ళకు ఈ తల్లి చేత దండం పెట్టించబోయానని సిగ్గు ముంచుకొచ్చింది. మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణి అలాగే మంచం పట్టె పట్టుకుని ఏడ్చేశాను.

"పెద్దమ్మా, నేను ప్రభువును తేలే. ఉత్త డబ్బ తెచ్చిన."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నాకెర్కే" అంది. "ప్రభువును ఎంటబెట్టుకొచ్చినోడు గన్నిసార్లు తలుపు దిక్కు సూడడు."

"మరి ఎందుకు అడగలే?"

"నువ్వే జెప్తవని సూసిన. జర ఆల్శెం జేసినవ్. ఏడ్వకు బిడ్డా. ఇన్ని దినాలు ఎదురు సూసిన, ఇంకో గంట సూడలేనా?"

ఆమె చెయ్యి నా తల మీద వేసింది. ఓర్పు గురించి అన్ని శనివారాలు విన్నాను. అది మనిషి చేతిలో ఇంత వెచ్చగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఫాదర్ పీటర్ వానకు తడిసి లోపలికి వచ్చారు. పీఠం మీద ఒక డబ్బీ మిగిలిపోవడం చూసి, ఎవరిదో కనుక్కుని, తానే స్కూటర్ మీద బయల్దేరారట.

"ఫోన్ ఎందుకు ఆపావు?"

"మౌనం పాటిస్తున్నాను ఫాదర్."

"మౌనం నీకు చెప్పాను, ఫోన్‌కు కాదు."

తిట్టి ఆయనే ఇస్తారనుకున్నాను. ఆయన డబ్బీని నా చేతిలో పెట్టి, "నువ్వే ఇవ్వు, నీ భాషలో" అన్నారు. "క్రీస్తు శరీరం" అన్నాను. గొంతులోంచి గుసగుస తప్ప ఏమీ రాలేదు. "ఆమెన్" అందామె. ఎలా నిలబడ్డానో, తల ఎంత వంచానో నాకు గుర్తు లేదు.

శాంత జావ పట్టించి గోలీ వేసింది. లూర్దమ్మకు కాస్త ఓపిక వచ్చాక ఫాదర్ అడిగారు. "మా కొత్త సేవకుడు ఎలా ఉన్నాడో అమ్మను అడుగు."

ఆమెకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు, మధ్యలో ఉన్నది నేను. అడిగాను. ఆమె తీరిగ్గా జవాబిచ్చింది.

"మంచోడే ఫాదరు. ఆల్శెమైనా అబద్ధం ఆడలే. మల్ల గూడ గీ పిలగాన్నే పంపుండ్రి. గని పాట పాడొద్దని జెప్పుండ్రి. సత్ప్రసాదం అందకముందే పాణం పోతదని బుగులైంది."

"మంచివాడినట, మళ్ళీ నన్నే పంపమంటోంది" అని హిందీలో చెప్పి ఊరుకున్నాను.

"ఇంకా ఏదో చాలా చెప్పిందే?"

వంటింటి గుమ్మంలో శాంత నిలబడి ఉంది. ఆమెకు హిందీ నాకంటే బాగా వచ్చు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తోంది. ఇందాకే ఒక నిజం చెప్పి ఏడ్చినవాణ్ణి, ఇంకోదానికి తెగించాను. పాణం పోవడంతో సహా అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

ఫాదర్ నవ్వలేదు. పెళ్ళిలో వధూవరులను సమ్మతమేనా అని అడిగినంత గంభీరంగా, "దీనికి నువ్వేమంటావు?" అన్నారు.

నేను మళ్ళీ మోకాళ్ళూనాను. "పెద్దమ్మా, ప్రభువు సాక్షిగా జెప్తున్న. నీ ఇంట్ల మల్ల పాడ."

"నా ఒక్క ఇంట్లనే గాదు బిడ్డా. మంచాన పడ్డోళ్ళ ఇంట్ల యాడ గూడ."

"యాడ గూడ పాడ పెద్దమ్మా."

ఆ ప్రమాణం ఇప్పటిదాకా తప్పలేదు, చచ్చేదాకా తప్పను. రోగులెవరూ భయపడాల్సిన పని లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సంగతి మాత్రం ఆమె ఏమీ అనలేదు.