గుర్రంలేని వారి జీను

రాజరత్నం గారు ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో, రోగుల ఫైళ్లు దాచే గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. ఆయన తలనొప్పంతా తెలుగువాళ్లతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒకే ఒక్క అక్షరంగా. అక్కడి గుమాస్తాలు దాన్ని చివర వెతుకుతారు. వై. త్యాగరాజు అనే ఆయన మూత్రపిండంలో రాయితో మూడుసార్లు చేరితే మూడు ఫైళ్లు తయారై, ఆసుపత్రి లెక్కలో ముగ్గురు మనుషులయ్యాడట. ఆ తర్వాతే రాజరత్నం గారు ఒక లావుపాటి పుస్తకం కొని, వచ్చిన ప్రతి తెలుగు రోగి ఇంటిపేరూ పూర్తిగా రాసుకోవడం మొదలుపెట్టారు. రాసుకున్నాక అది ఎందుకొచ్చిందో అడగకుండా ఉండలేకపోయారు. స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లను కూడా అడిగేవారని, నొప్పిలో ఉన్న మనిషికి గొప్పలు చెప్పే ఓపిక ఉండదు కనుక ఆ జవాబులే నమ్మదగినవని వాదించేవారని, అక్కడే నర్సుగా చేసిన ఆయన భార్య ఆనందకుమారి గారు చెప్పారు.

1996 చలికాలంలో ఘాజియాబాద్‌లోని వాళ్ల ఇంటికి మేం వెళ్లింది ఆ పుస్తకం కోసమే. మా ఇంటిపేరు గుర్రంలేని.

మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ అది జి. అనే అక్షరం చాటున బతికిపోయింది. మా చైతుకి మూడున్నరేళ్లు వచ్చి, మయూర్ విహార్‌లో బడి దరఖాస్తు తెచ్చినప్పుడు బయటపడింది. అందులో ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పిల్లల్ని హాజరు పిలిచేదీ దానితోనే. పైగా ప్రవేశాలు చూసే అరుంధతి మేడం రాజమండ్రి ఆవిడ. పేరు చెప్పగానే నవ్వి, "ఎందుకొచ్చిందండీ ఆ పేరు? ఇంటర్వ్యూనాడు చెప్పాలి మరి" అంది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. పన్నెండేళ్లపాటు నా కొడుకుని ఊరూవాడా గుర్రం ఏదని అడుగుతారు.

మా ఆయన పృథ్వీరాజ్ దీనికి తేలిక దారి కనిపెట్టాడు. నోటరీ దగ్గర పది రూపాయల కాగితం మీద 'లేని' తీసేయిస్తే సరి, గుర్రం మిగులుతుంది. ఇంత చవగ్గా గుర్రం వచ్చాక వంశం గురించి ఆరా దేనికన్నాడు. నాకు మనసొప్పలేదు. నేను రసాయనశాస్త్రం చదివాను. మైలుతుత్తాన్ని నిర్జలం అన్నామంటే ఒకప్పుడు అందులో నీరు ఉండేదన్నమాట. ఊళ్లో ఎవరికీ గుర్రం లేనప్పుడు మమ్మల్ని మాత్రమే గుర్రంలేని వాళ్లన్నారంటే, ఒకప్పుడు ఉండే ఉంటుంది. అదేమైందో తెలియకుండా పేరు కోసేయడం తొందరపాటు. దరఖాస్తు ఇవ్వడానికి ఇంకా నెల గడువుంది.

రాజరత్నం గారు మా పేరు వినగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డెబ్బై ఒకటిలో ఆ ఇంటిపేరుతో ఒకాయన వచ్చాడట. కారణం అడిగేలోపే మత్తిచ్చేశారు. అప్పటి నుంచి పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

మా ఆయన తన పెదనాన్న జనార్దనరావు గారు రాసిన ఉత్తరం తీసి ఇచ్చాడు. మా మూలపురుషుడు యుద్ధంలో రాజుకు తన గుర్రాన్ని ఇచ్చేసి, తాను కాలినడకన పోరాడాడని అందులో ఉంది. నా సిద్ధాంతం నిజమైందని నేను పొంగిపోయాను. రాజరత్నం గారు మాత్రం ఉత్తరం మడిచి ఇచ్చేశారు.

"ఇప్పటికి నా పుస్తకంలో పద్నాలుగు కుటుంబాలు రాజులకి గుర్రాలిచ్చినయ్యమ్మా. ఆ కాలం రాజులు ఒక్కళ్లూ సొంత గుర్రం మీద యుద్ధానికి పోయినట్టు లేదు."

ఆయన పద్ధతి వేరు. బంధువుల్ని అడగరు. జవాబు కార్డు జతచేసి, ఆ ఊళ్లో రిటైరైన పోస్ట్‌మ్యాన్‌కి రాస్తారు. ఇంటింటి గుట్టూ తెలిసి, ఏ ఇంటికీ చుట్టం కానివాడు అతనొక్కడేనట.

మూడు వారాలకు కబురొచ్చింది, మళ్లీ వెళ్లాం. చైతు తలుపు దగ్గరే "అంకుల్, ఘోడా మిలా?" అని, గుర్రం దొరికిందా అని హిందీలో అడిగేశాడు. రాజరత్నం గారు వాడికి జంతిక ఇచ్చి, మా ఆయన వైపు తిరిగారు.

"బాబూ, మీకు కారుందా?"

లేదని, త్వరలో కొంటానని మా ఆయన చెప్పాడు. కారు లేదు కానీ, కరోల్ బాగ్‌లో చవగ్గా దొరికిందని కొన్న కారు కవరు రెండేళ్లుగా మా కూలర్ మీద ఉంది. తాళం లేని తాళాల గుత్తి జేబులో ఉంటుంది. మా ఇంటి కింద సున్నంతో గీత గీసి, అక్కడ ఎవరైనా స్కూటర్ పెడితే పోట్లాడతాడు. ఏ కారు చూసినా రంగు నచ్చదు, రంగు నచ్చితే ఆ నెల మంచిది కాదు. ఇవన్నీ నేను చెబుతుంటే రాజరత్నం గారు కార్డు నా చేతికిచ్చి, పైకి చదవమన్నారు.

రాసింది లక్ష్మీపతి అనే పోస్ట్‌మ్యాన్. మా మూలపురుషుడు బదిలీ మీద పోతున్న ఒక దొర సామాను వేలంలో చవగ్గా జీను కొన్నాడు. జీను ఉంది కదాని గుర్రపుసాల కట్టించాడు. సాల ఉంది కదాని ఉలవలు తెప్పించి, గుర్రపువాణ్ణి జీతానికి పెట్టాడు. ఆ పైన ముప్పై ఏళ్లు సంతలన్నీ తిరిగాడు. ఏ గుర్రానికి చూసినా ఒంటిమీద సుళ్లు మంచివి కావు. గుర్రపువాడు ముసలివాడై పోయాడు. సాలలో గేదెను కట్టేశారు. జీను ఇప్పటికీ అటకమీద ఉందట.

మా ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. ఆనందకుమారి గారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లారు. చివరికి అతనే, "పేరు కోయించొద్దులే. కోసినా లాభం ఉండదు" అన్నాడు.

దరఖాస్తులో గుర్రంలేని చైతన్య అని పూర్తిగా రాశాను. ఇంటర్వ్యూలో అరుంధతి మేడం అడిగితే, జీను దగ్గర నుంచి కారు కవరు దాకా దాచకుండా చెప్పాను. వంశపారంపర్య గుణాల గురించి కూడా రెండు ముక్కలు కలిపాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, చైతు వైపు వంగి చూసింది. వాడు ఆ బడి టై, ఆ బడి నల్లబూట్లు వేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. దసరా తగ్గింపు ధరలో నేనే కొన్నాను.

"సీటు ఇంకా ఇవ్వలేదు కదమ్మా మేము?" అంది.

సీటు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వెళ్లినప్పుడు బూట్ల సంగతి కూడా చెప్పక తప్పలేదు. రాజరత్నం గారు పుస్తకం తెప్పించుకుని, పాతికేళ్లు ఖాళీగా ఉన్న గడిలో మా కథంతా చిన్న అక్షరాలతో రాశారు. చివర ఒక్క వాక్యం చేర్చి, నాకు చూపించారు.

'కోడళ్లకు కూడా సోకును.'