గరికకు చల్లిన నా యూరియా

మా తమ్ముడు జనగామలో ఇల్లు కట్టుకున్నప్పుడు, గేటుకూ గుమ్మానికీ మధ్య గడ్డి పెంచుతానన్నాడు. ఏం గడ్డో చూద్దామని వంగి చూశాను. గరిక. చాపల్లా చుట్టి అమ్ముతారట, తెచ్చి పరిపించాడు. కొడకండ్ల దగ్గరున్న నా రెండెకరాల్లో ముప్పై ఏళ్లుగా కొడవలితో, పారతో, చివరికి గోళ్లతో కూడా పెరికి గట్టు మీద పారేస్తున్నది ఆ గరికనే. "తమ్మీ, ఒక్క మాట చెప్తే మా చేన్లకెల్లి ట్రాక్టరు నిండ పంపుదును గదరా" అన్నాను. అందరం నవ్వాం. అప్పటికి ఆ గడ్డి మీద నాకే కోపమూ లేదు.

ఆ ఏడు యాసంగి పంటగా మక్కజొన్న వేశాను. శివరాత్రి దగ్గరపడేసరికి చేను పూతకు వచ్చింది. ఆ పది రోజుల్లో యూరియా పడాలి. పడకపోతే కంకి ఎదగదు, గింజ పట్టదు. తర్వాత ఎంత పోసినా దండగే. సరిగ్గా అప్పుడే యూరియాకు కరువొచ్చింది.

ఎరువులిచ్చే సొసైటీ ముందు పొద్దు పొడవకముందే లైను. నిలబడలేక మేం మా చెప్పులను నిలబెట్టేవాళ్లం. నా ఎడమ చెప్పుకు ఎర్రదారం కుట్టు ఉండేది కాబట్టి దాని చోటు గురించి ఎవరూ పేచీ పెట్టలేదు. రెండు రోజులు వట్టి కాళ్లతో వేపచెట్టు కింద కూర్చుని, వరస కదిలినప్పుడల్లా లేచి చెప్పును ముందుకు జరిపాను. మూడో రోజు మధ్యాహ్నం బస్తా దొరికింది. మనిషికి ఒక్కటే. ఆటోలో అందరివీ కలిసిపోతాయని, నా పాత ఆకుపచ్చ చీర అంచు చింపి బస్తా చెవికి గుర్తుగా ముడేశాను.

ఆ సాయంత్రమే తమ్ముడు కారేసుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, మా మామ పొలం ఎర్రవడ్డదే. నర్సింహులపేటల ఒక్క బస్త దొర్కుతలేదు. ముసలాయిన ఏడుస్తుండు. గీ బస్త నాకియ్యి. జనగామల నాకు తెలిసినోళ్లున్నరు, ఎల్లుండికల్ల నీకు రెండు తెచ్చిస్త."

"నా మక్క పూతకొచ్చింది తమ్మీ."

"రెండు రోజులకు ఏమైతదే? నా మీద నమ్మకం లేదా?"

అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, నాకు పద్నాలుగు. వాడికి తల దువ్వి బడికి తోలింది నేనే. పైగా ముసలాయన ఏడుస్తున్నాడంటే జాలేసింది. ఎర్రబడ్డ పొలం ముందు నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బస్తా రెండో కొస నేనే పట్టి కారులో వేయించాను.

ఎల్లుండి రాలేదు. ఫోన్ చేస్తే "రేపు పక్కా" అన్నాడు. మరోసారి చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. మళ్లీ సొసైటీకి వెళ్తే, నా పాసుపుస్తకం మీద ఇచ్చేశామని, ఈ విడతకు ఇక లేదని పంపేశారు. చేలో కింది ఆకులు కొసల నుంచి పసుపుపచ్చబడ్డాయి. రోజూ పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేదాన్ని. అప్పుడు కూడా తిట్టుకున్నది సొసైటీనే గానీ వాణ్ని కాదు.

పన్నెండో రోజు మోటారు స్టార్టరు కాలిపోయింది. కొత్తది కొనడానికి జనగామ వెళ్లి, పనిలో పనిగా వాళ్లింటికి పోయాను. గేటు తీయగానే గడ్డి కనిపించింది. సగం మాడిపోయి ఉంది. ఆ మాడు వంకీలు తిరిగి ఉంది, పిడికిలి విసిరినంత మేర ఒక్కో వంకీ. చూడగానే తెలిసిపోయింది. నాయిన పొలంలో యూరియా చల్లేటప్పుడు చెయ్యి అట్లాగే తిరిగేది. వీడు గట్టు మీద కూర్చుని చూసేవాడు. చేతి విసురు గుర్తుపెట్టుకున్నాడు, మడిలో నీళ్లుండేవన్న సంగతి మరిచాడు. పొడినేల మీద, ఎండలో, వరికి చల్లినట్టు చల్లితే గరికైనా తట్టుకుంటుందా?

అయినా నా మనసు ఒప్పుకోలేదు. యూరియా ఇంకెక్కడిదో అయ్యుంటుందనుకున్నాను. కాళ్లు కడుక్కుందామని నల్లా దగ్గరికి వెళ్తే, నల్లాకూ పైపుకూ మధ్య నీళ్లు కారకుండా ఒక గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆకుపచ్చది. నా చీర అంచు.

మరదలు చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. మీ బాపు పొలం తేరుకుందా అని అడిగాను.

"మా బాపు ఈసారి యాసంగి ఏసిందెక్కడ వదినా? బోరు ఎండె, బీడే ఉన్నది" అంది. తర్వాత గడ్డి వైపు చూపించి, "నువ్విచ్చిన యూరియా మొత్తం గుమ్మరించిండు. వద్దంటె ఇనలే. నీకు మిగిలిందట గదా, ఊకె పాడైతదని ఇచ్చినవట" అంది. పాపం, ఆమెకేమీ తెలియదు.

మిగిలిందట. రెండు రోజులు వట్టి కాళ్లతో కాసుకున్నది మిగులు అయింది. గడ్డికి కావాలని నిజం చెప్పి అడిగితే నాలుగు తిట్టి పంపేదాన్నని వాడికి తెలుసు. అందుకే ఏడవని ముసలాయన్ని ఏడిపించాడు.

ఇంతలో వాడు బయటికొచ్చాడు. నన్ను చూసి ముఖం పాలిపోయింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"మంచిగ వచ్చినవ్ అక్కా. గిదంత ఎండిపాయె, ఏం చెయ్యాలె చెప్పు."

చెప్పకూడదనుకున్నాను. కానీ వంగి వేరు గిల్లి చూస్తే ఇంకా తెల్లగానే ఉంది. నా చేతికి వేరే అలవాటు లేదు. "వారం రోజులు పొద్దుమాపు నీళ్లు వెట్టు. వేరు సావలే, లేస్తది" అన్నాను. "నా మక్కనే ఇగ లేవదు."

"గింత దానికి అట్లంటవేందే? తెచ్చిస్తనంటి గదా!"

నేను నల్లా దగ్గరికి వెళ్లి ఆ పీలిక విప్పుకున్నాను. పైపు సందులోంచి నీళ్లు చిమ్మి నా కుచ్చిళ్లు తడిశాయి. "అక్కా, నీళ్లు కార్తయి" అన్నాడు. కారనియ్యి అన్నాను. బస్సులో దారి పొడుగునా ఆ తడిపీలిక పిడికిట్లోనే ఉంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఆ ఏడు కంకులు బెత్తెడే వచ్చాయి. సగం పళ్లు ఊడిన నోళ్లలా ఉన్నాయి.

రాఖీ పున్నమికి పోకూడదనుకుంటూనే బస్సెక్కాను. గడ్డి మళ్లీ పచ్చగా లేచింది. నా మాట విని నీళ్లు బాగానే పెట్టాడు. "చెప్పులిడిసి గడ్డి మీదికెల్లి రా అక్కా, మెత్తగుంటది" అన్నాడు గుమ్మంలో నిలబడి. నేను అంచునున్న సిమెంటు బాట మీదుగా వెళ్లాను.

చెయ్యి చాపాడు, రాఖీ కట్టాను. అమ్మ పోయిన ఏడు నుంచీ, కట్టగానే లడ్డూ తుంచి వాడి నోట్లో పెట్టడం నా అలవాటు. వాడు నోరు తెరిచాడు.

నేను లడ్డూల డబ్బా వాడి చేతికిచ్చాను.