హెడ్డుగారి ఎడమ చెవి

పోలీసు స్టేషన్‌లో అందరూ ఆ హెడ్ కానిస్టేబుల్‌ని హెడ్డుగారు అనేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో కత్తికీ రాయికీ బెదరని మనిషి. అలాంటి ఆయనకు అగ్గిపెట్టెంత కెమెరాను చూసి గుండె జారిపోయింది.

కారణం భార్య ఒక్కదానికే తెలుసు. రెండేళ్లుగా ఆయనకు ఎడమ చెవి వినపడదు. పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ, ఎడమపక్కకు మనుషులు రాకుండా గోడవారగా నడుస్తూ నెట్టుకొస్తున్నారు. ఇకమీదట అందరూ ఛాతీకి కెమెరా తగిలించుకోవాలనీ, డ్యూటీ దిగాక రికార్డింగు చూసి రిపోర్టు రాయాలనీ ఇన్‌స్పెక్టర్ ఆర్డరు వేశారు.

"అది చూస్తుందని భయం లేదే. వింటుంది కూడా. నాకు వినపడనివన్నీ అందులో పడతాయి," అన్నారు భార్యతో.

"మీరే చెప్పేయరాదూ?"

"చెప్తే మూల కూర్చోబెడతారు."

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ మధ్యాహ్నం గస్తీ చూసుకుంటున్నారు. టైలర్ల సందు. తన బూట్ల టకటకల మధ్య సన్నగా ఒక ముసలి గొంతు. వెనక్కి తిప్పి, సౌండు పెంచారు.

"పోలీసు బాబూ... తలుపు తియ్యి నాయనా."

తెర మీద సందు ఆగకుండా వెనక్కి జరిగిపోతూనే ఉంది.

ఆవిడ పిలిచి అప్పటికే నాలుగు గంటలు గడిచిపోయాయి. దీన్ని చెరిపేయడం ఎలాగన్న ఆలోచన కూడా ఒక్క క్షణం వచ్చిందని తర్వాత భార్య దగ్గర ఒప్పుకున్నారు. కానీ లేచి, ఎదురుపడిన లేడీ కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని పరుగెత్తారు.

సందులో ఎడమపక్క పద్నాలుగు తలుపులు, అన్నీ మూసే ఉన్నాయి. కుడి చెవి ఒక్కో తలుపుకీ ఆనించారు. తన గుండె దడ తప్ప ఏమీ వినిపించలేదు.

"నాకు సరిగా వినపడదమ్మా. నువ్వు విను," అన్నారు. ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి.

ఆరో తలుపు దగ్గర ఆమె ఆగింది. గడియ విరగ్గొట్టారు. బట్టలు కుట్టే ముసలావిడ, కాలి మీద ఇనుప బీరువా పడి, నేల మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"మధ్యాహ్నం బూట్లతో టకటకా అటు పోయింది నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా."

ఆవిడ బతికింది. కాలు మాత్రం కుంటిదయింది. ఆ రికార్డింగు హెడ్డుగారే తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టారు. ఇన్‌స్పెక్టర్ అరవలేదు. గస్తీ మాన్పించి, చెవికి మిషన్ పెట్టించుకు రమ్మన్నారు. అందరి రికార్డింగులూ వినే పని అప్పగించారు.

ఇప్పుడు హెడ్డుగారు ప్రతిదీ రెండుసార్లు వింటారు. ఎవరి బూట్ల చప్పుడు మొదలైనా సౌండు పెంచి, దాని మధ్య సన్నటి గొంతేమైనా ఉందా అని వెతుకుతారు.