పోటు వస్తుందన్నాడు పెద్దాయన

పోయిన వారం పళ్ళికొండ దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే ఇద్దరు కుర్రవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి ఆగారు. సైకిళ్ళకు వెనక సంచులు, పక్కన సంచులు, ముందు ఒక సంచి. సైకిలు ఎక్కడుందో వెతుక్కోవాలి. బెంగళూరు నుంచి వస్తున్నారట. చెన్నై చేరి, అక్కడినుంచి సముద్రం ఒడ్డు వెంబడే దక్షిణానికి తొక్కుతూ, పొద్దు గూకేసరికి ఎక్కడ మంచి ఇసుక కనిపిస్తే అక్కడ గుడారం వేసుకుంటారట. వాళ్ళ ముఖాల్లో సంతోషం చూస్తే ఎవరైనా మంచిమాట చెప్పి పంపుతారు. నేను మాత్రం "మీకు ఈత వచ్చా?" అని అడిగాను. సైకిలు తొక్కడానికి ఈత దేనికి అంకుల్, అని నవ్వారు. న్యాయమైన ప్రశ్నే. పన్నెండేళ్ళ కిందట నన్నెవరైనా అడిగి ఉంటే నేనూ అదే అని ఉండేవాణ్ణి. వాళ్ళు వెళ్ళిపోయాక చూస్తే నా టీ చల్లారిపోయి ఉంది.

అప్పట్లో మేము ముగ్గురం ఇలాగే సైకిళ్ళ మీద బయలుదేరాం. మొదటివాడు మా బావ, అంటే మా అక్క భర్త. గుడియాత్తంలో లుంగీలు నేసే మరమగ్గాల షెడ్డు ఆయనది. పదిహేనేళ్ళు ఒకే రకం గళ్ళ లుంగీ చూసి చూసి, గళ్ళు లేనిది ఏదైనా ఒకటి చూడాలని ఆయనకు పుట్టింది. సముద్రానికి గళ్ళు లేవని ఎవరో చెప్పారు. రెండోవాడు వేలూరు కాలేజీలో నా బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు, పేర్ణాంబట్టులో బూట్ల పైభాగాలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజరు. ఏది చిరిగినా కుట్టగలడు, అందుకని గుడారం వాడికి అప్పగించాం. మూడోవాణ్ణి నేను. వేలూరులో ఒక బీమా ఆఫీసులో పని. మనుషులకు ఏమేమి జరగగలవో చదివి, ఫారాలు నింపడం నా ఉద్యోగం. అలాంటివాణ్ణి ఎవరూ విహారయాత్రకు పిలవరు. బావ పిలిచాడు, ఎందుకంటే నేను వెంట ఉంటే తప్ప అక్క ఆయన్ని వదలదు.

అక్క వదిలింది గాని, వాకిట్లో నన్ను ఒక్కణ్ణే పక్కకు పిలిచి ఒక మాట తీసుకుంది. "ఆయన్ని నీళ్ళల్లోకి దించొద్దు నాయనా. ఈత రాదు, భయం గూడా లేదు. నీ పూచీ మీద పంపతా ఉండా." ఈత మా ముగ్గురిలో ఎవరికీ రాదని ఆమెకూ తెలుసు. మాది పాలారు పక్క ఊరు. మా చిన్నతనంలో ఆ ఏట్లో దిగి మేము నేర్చుకున్నది క్రికెట్టు. బౌండరీ లైను దాటితే అవతలి ఒడ్డు. ఏరంటే అదే అనుకుని పెరిగినవాళ్ళం.

తమిళనాడు ఒడ్డు దగ్గరే కదా, అటే పోదామన్నాను. బావ ఒప్పుకోలేదు. "తెలుగు దేశానికి పోతామప్పా. ఇంట్లో మాత్రం మాట్లాడతా ఉండాము గదా, రోడ్డు మీద గూడా ఒకతూరి మాట్లాడి చూద్దాం." తమిళ బళ్ళో చదివిన మాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. చిత్తూరు బస్సుల బోర్డుల మీద కూడబలుక్కుని నేను కొన్ని అక్షరాలు పట్టాను గాని, నేను ఊరిపేరు పూర్తిచేసేలోగా బస్సు ఆ ఊరికి వెళ్ళిపోయేది. ఆ పాటి పాండిత్యంతో నేనే దారి చూపేవాణ్ణి అయ్యాను. చిత్తూరు, తిరుపతి, గూడూరు, అక్కడినుంచి తూర్పుకు తిరిగి సముద్రం. తరువాత కుడిచేతి పక్క నీళ్ళు వదలకుండా ఉత్తరానికి, కాళ్ళు చాలినంత దూరం.

కాళ్ళు బాగానే చాలాయి. చాలనిది నా ధైర్యమే. సరుగుడు తోపుల్లో గుడారం వేస్తే గాలికి చెట్టు పడుతుందేమో, బయట వేస్తే గుడారమే లేస్తుందేమో. రొయ్యల చెరువుల గట్ల మీద మట్టిబాట, ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, మధ్యలో ముందు చక్రం వణుకుతూ బావ. ఎండుచేపల వాసన ముక్కులోంచి దిగి అన్నంలోకి వచ్చేది. ఉప్పుగాలికి గొలుసులు కీచుమనేవి. ఆయన మాత్రం రెండు చేతులూ వదిలేసి తొక్కుతూ, కనిపించిన ప్రతివాణ్ణీ "ఏమప్పా, బాగుండారా?" అని పలకరించేవాడు. ఒక టీకొట్టులో ఆయన మాట విని కొట్టామె "మీరు అరవోళ్ళా?" అంది. బావకు మనసు నొచ్చింది. "తెలుగేనమ్మా. మా తాత కాలం నుంచీ తెలుగే" అన్నాడు. ఆమె సరేలెమ్మని టీలో చక్కెర ఎక్కువ వేసింది. జాలిపడినట్టుంది.

అలా ఒడ్డు పట్టిన మూడోనాడు మధ్యాహ్నం ఒక చేపల ఊరి చివరికి చేరాం. అక్కడ ఒక కాలువ సముద్రంలో కలుస్తుంది. మోకాలు లోతు కూడా లేవు నీళ్ళు. కాలువకు అవతల ఇసుక తిప్ప, దాని మీద నాలుగు తాటిచెట్లు, సున్నం కొట్టిన చిన్న గుడి. ఇవతల ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఇక్కడ గుడారం వేసుకోవచ్చా అని బావ అడిగాడు. ఏసుకోండి, అని తల ఎత్తకుండానే ఆయన ఇంకో మాట అన్నాడు: "నాలుగింటికి పోటొచ్చుద్ది. చూసుకోండి."

"రానీ పెద్దాయనా, మంచిదే గదా" అన్నాడు బావ.

పెద్దాయన అప్పుడు తల ఎత్తి, బావను కాసేపు చూసి, వల సర్దుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

ఆటుపోట్లంటే చదువుకున్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. మాకు తెలుగు చదువు లేదు, మా ఇళ్ళల్లో సముద్రం గురించి మాట్లాడే అవసరం ఎప్పుడూ పడలేదు. మా వైపు వాళ్ళకు పోటు అంటే ఒకటే, తిరుమలలో స్వామివారి వంటశాల. అక్కడినుంచే లడ్డు, పొంగలి, పులిహోర వస్తాయి. పైగా మేము నాలుగైదు రోజుల ముందే, దారిలో, కొండకు పోయి వచ్చాం. అందుకని అవతల గుడికి నాలుగు గంటలకు ప్రసాదం వస్తుందని బావకు అర్థమైంది. మా స్నేహితుడి ఇంట్లో చర్చి, వాడికి ఈ వంటశాల తెలియదు. తమిళంలో బోటుని పోటు అనేవాళ్ళు వాడి కంపెనీలో సగంమంది. నాలుగింటికి పడవ వస్తుందని వాడు అనుకున్నాడు. ఇక కాలేజీ చదివిన నేను. తలపోటు, పంటిపోటు అంటాం కదా, ఎండలో తిరిగితే సాయంత్రానికి తల పగిలిపోతుందని పెద్దాయన హెచ్చరించాడని గ్రహించి, వెంటనే టోపీ పెట్టుకున్నాను. ముగ్గురం ఒకరినొకరు అడగలేదు. మాట తేలికైనది, అడగాల్సిందేముంది.

మూడున్నరకు బావ టిఫిను డబ్బా కడుక్కుని, లుంగీ పైకి కట్టుకుని, "అట్ల పోయి వస్తా" అని కాలువ దాటాడు. మోకాలు లోతే కాబట్టి అక్కకు ఇచ్చిన మాట తప్పినట్టు కాదని నేను లెక్క వేసుకున్నాను. ఈ లెక్క మా ఆఫీసులో చెల్లేది కాదు.

మేమిద్దరం మేకులు కొడుతున్నాం. కాళ్ళు కడుక్కుందామని ఒడ్డున వదిలిన నా చెప్పుల కోసం వెళ్ళి చూస్తే చెప్పులు లేవు. కొంచెం పైకి, ఊరి వైపు, అవి రెండూ పక్కపక్కనే నీళ్ళ మీద పోతున్నాయి. నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కాలువ సముద్రంలోకి కదా పోవాలి, నా చెప్పులు ఊళ్ళోకి ఎందుకు పోతున్నాయి? ఏట్లో నీళ్ళు పారడమే వింతగా చూసే ఊరివాణ్ణి, వెనక్కి పారడం ఎప్పుడు చూశాను. నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. బావ దాటినప్పుడు బయట ఉన్న ఇసుక మేటలు ఒక్కటీ కనిపించలేదు. సముద్రం కాలువలోకి నడిచి వస్తోంది, చప్పుడు లేకుండా, తొందరేమీ లేనట్టు.

అవతల బావ గుడి మెట్టు దిగి ఒడ్డుకు వస్తున్నాడు. డబ్బా చేతిలో ఉంది. నేను రెండు చేతులూ పైకెత్తి ఊపాను, రావద్దని. ఆయన కూడా చెయ్యి ఊపి నీళ్ళల్లో కాలు పెట్టాడు. వద్దు బావా, వద్దు అని అరిచాను. గాలి సముద్రం మీదినుంచి వీస్తూ నా అరుపును నా వెనక్కే తీసుకుపోయింది. అసలే మగ్గాల మోతలో బతికి బావకు చెవులు సగమే పనిచేస్తాయి. నేను ఎంత ఊపితే ఆయన అంత హుషారుగా వస్తున్నాడు. తొడల దాకా వచ్చాయి నీళ్ళు. నడుము దాకా వచ్చాయి. ఆయన డబ్బాను తల మీద పెట్టుకున్నాడు.

మరమగ్గాల షెడ్డుల్లో మాట వినపడదు, అన్నీ సైగలే. ఎవరి మగ్గం మీదన్నా పోగు తెగితే, చూసినవాడు రెండు పిడికిళ్ళూ దగ్గర పెట్టి ఒక్కసారి విడగొట్టినట్టు లాగుతాడు. మగ్గంవాడు ఏ పనిలో ఉన్నా ఆ సైగ చూడగానే చెయ్యి ఆపేస్తాడు, ఆపకపోతే గజాలకు గజాలు పాడవుతాయి. నేనూ చిన్నప్పుడు అలాంటి షెడ్డులో పనిచేసినవాణ్ణే, అది వదిలి చదువుకు పోయి చాలా ఏళ్ళయింది. అయినా నా చేతులు తలపైకి లేచి, పిడికిళ్ళు కలిసి, విడిపోయాయి. ఇంకోసారి. ఇంకోసారి.

బావ నిలబడిపోయాడు. నడుము లోతు నీళ్ళల్లో, తల మీద డబ్బాతో, నిజంగా మగ్గం ఆగినట్టు ఆగిపోయాడు. తరువాత చుట్టూ చూసుకున్నాడు. అప్పుడు కనిపించాయనుకుంటాను ఆయనకు నీళ్ళు. మెల్లగా వెనక్కి తిరిగి తిప్ప ఎక్కాడు.

మా స్నేహితుడు పడవ కోసం సైకిలెక్కి ఊళ్ళోకి దూసుకుపోయాడు. నేను ఒడ్డున మిగిలాను. తిప్ప ఎంత ఎత్తో నాకు తెలియదు, నీళ్ళు ఎంత దాకా వస్తాయో తెలియదు. గుడి మూడు మెట్ల మీద ఉంది, మొదటి మెట్టు తడుస్తోంది. అప్పుడే గుడారంలో బావ ఫోను మోగింది. అక్క.

"యాడుండాడు ఆయన?"

"గుడికి పోయినాడక్కా."

"ఈ వేళప్పుడు గుడా? మంచిదే. నువ్వు పోలేదా?"

"సామాన్లు ఉండాయి గదా."

"నీళ్ళల్లోకి దించలేదు గదా?"

"ఇప్పుడు నీళ్ళల్లో లేడక్కా."

అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఫోను పెట్టేశాక ఇసుకలో కూర్చున్నాను. ఇంటికెళ్ళి అక్క ముందు ఎలా నిలబడాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచించాను. ఆ వాక్యం మొదటి సగం ఇప్పటికీ నాకు గుర్తుంది. రెండో సగం ఎప్పుడూ తయారు చేయలేకపోయాను. రెండో మెట్టు తడిసింది. మూడో మెట్టు మీద బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

పెద్దాయన పడవతో వచ్చేసరికి గంటంబావు అయింది. గెడతో తోసుకుంటూ పోయి, బావను ఎక్కించుకుని ఇవతల దించాడు. దించాక అన్నాడు: "చెప్పినా గదబ్బయా పోటొచ్చుద్దని."

"మాది వేరే పోటు పెద్దాయనా" అన్నాడు బావ.

"మీది తెలుగే గదా?"

"తెలుగేనప్పా" అన్నాడు గాని, టీకొట్టు దగ్గర ఉన్నంత గట్టిగా అనలేదు.

పెద్దాయనకు దణ్ణం పెట్టి పంపించాక, డబ్బా తెరిచి చూపించాడు బావ. అందులో ఎవరో గుళ్ళో వదిలిన కొబ్బరిచిప్ప ఉంది. ముగ్గురం పంచుకుని తిన్నాం. నాకు నిజంగానే తలపోటు వచ్చింది. మరునాడు పొద్దున సైకిళ్ళు పడమటికి తిప్పాం. అక్కకు సముద్రం గురించి చాలా చెప్పాం. తిప్ప గురించి చెప్పలేదు, ఇప్పటికీ.

ఇల్లు చేరిన నెలలోనే నేను ఒక పలక కొనుక్కుని, వరసగా తెలుగు అక్షరాలన్నీ దిద్దాను. బావ దిద్దలేదు. ఆయనకు ఆ రోజు మీద ఫిర్యాదేమీ లేదు. ఎప్పుడైనా మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ మాట వస్తే, మెట్టు మీద చల్లగా గాలి వచ్చిందనీ, ఒక పది నిమిషాలకే పడవ వచ్చేసిందనీ అంటాడు. గంటంబావు బావా, నేను గడియారం చూశాను, అంటాను. ఉంటుందిలేప్పా, అంటాడు. ఇద్దరం ఒకే నీళ్ళ వైపు చూస్తూ గడిపిన కాలమే అది. ఆయనకు పది నిమిషాల్లో అయిపోయింది, నాకు ఇంకా నడుస్తోంది.