పొలం అవతల చేతులూపిన మనిషి

నాకు రోషం ఎక్కువ. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మూడేళ్ళు నాతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న స్నేహితురాలికి హెచ్‌వన్ వీసా లాటరీలో పేరు రాలేదు. సామాన్లు సర్దుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. ఆ ముందురోజు ఏదో మాట అందని అలిగి, ఆఫీసులో పనుందని అబద్ధం చెప్పి, నేను ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళలేదు. తర్వాత రెండేళ్ళూ ఆ ఇంట్లో ఒక్కదాన్నే. శుక్రవారం సాయంత్రం కారు పార్క్ చేస్తే, మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే పనుండేది కాదు.

ఆఫీసు పని మీద లండన్ పంపినప్పుడు సిగ్గు విడిచి దానికి మెయిల్ పెట్టాను. ఎలాగైనా కలిసి, తప్పు నాదేనని చెప్పేయాలి. వెంటనే జవాబిచ్చింది, శనివారం రమ్మని. బస్సు దిగి, సంత దాటి, చర్చి వెనక చెక్కగేటు తెరుచుకుని పొలంలో ఇరవై నిమిషాలు నడిస్తే వాళ్ళ ఊరొస్తుందట. పొలం చివర నిలబడతానంది.

బస్సు దిగిన ఆ పాత ఊరు ఎంత బాగుందని! తేనెరంగు రాతి ఇళ్ళు, బండలు పరిచిన సంతవీధి, మట్టి అంటుకున్న క్యారెట్ కట్టలు, చీజ్ ముక్క కోసి రుచి చూడమనే ముసలాయన. అందరూ ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పలకరించుకుంటున్నారు, కుక్కల్ని కూడా. నన్ను పలకరించే దిక్కు లేదు. ఏడుపొచ్చింది.

గేటు దొరికింది. అవతల పచ్చటి పొలం, గొర్రెలు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పరాయివాళ్ళ స్థలంలో కాలు పెడితే తుపాకీ తీస్తారని టెక్సస్‌లో దిగిన మొదటి వారమే సీనియర్లు నూరిపోశారు. ఇక్కడి పొలాల్లో అందరూ నడవడానికి దారులుంటాయని నాకేం తెలుసు? అమెరికా ఫోనేమో పనిచేయడం లేదు. అంతలో దూరాన టోపీ, పొడుగు కోటు వేసుకున్న మనిషెవరో రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టారు. పొలం వాళ్ళెవరో పొమ్మంటున్నారనుకున్నాను. గబగబా వెనక్కొచ్చి, దొరికిన బస్సెక్కేశాను.

మర్నాడే ఫ్లైట్. ఇర్వింగ్ చేరాక ఫోన్ చేశాను.

“చేతులూపింది నేనేనే,” అంది. “నువ్వు చూశావు. చూసి వెనక్కి తిరిగావు.”

తుపాకీ భయం సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

“నేనూ టెక్సస్‌లో ఉన్నదాన్నే కదా, నాకు తెలీదా ఆ భయం? సంత నిండా జనం ఉన్నారు కదే. ఎవర్నైనా ఒక్క మాట అడిగుండొచ్చుగా.”

ఏదో గొణిగాను. జవాబు లేక కాదు. ఆ గేటు దగ్గర నుంచి తిరిగి నడుస్తున్నప్పుడు, భయం సగం దారిలోనే పోయింది. దాని ముఖంలోకి చూసి తప్పు ఒప్పుకోవాల్సిన పని తప్పిందని, హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట దానితో ఇప్పటికీ చెప్పలేదు.